కుక్కర్ పిడికి ఉన్న భాగ్యం మా కిటికీకి లేదా?

విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లకు, వాటికి ప్లాన్లు గీస్తున్న ఆర్కిటెక్టులకు,

నమస్కారం.

నేను కానూరులో ఉంటాను. అయిదో అంతస్తు, పడమర బాల్కనీ. ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి, రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో సగానికి పైగా పోసి ఈ ఫ్లాటు కొన్నాను. కట్టినవారి పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు చేసిందే మీలో చాలామంది చేస్తున్నారు కాబట్టి, కిటికీలకూ బాల్కనీ తలుపులకూ మీరు పెట్టే అల్యూమినియం ఫ్రేముల గురించి ఈ ఉత్తరం అందరికీ కలిపి రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవులకు మా మనవడు వచ్చాడు. ఆరేళ్ల వాడు. రోహిణి కార్తె, సాయంత్రం నాలుగున్నర. హాల్లో ఏసీ 25 మీద ఉంది. బాల్కనీ స్లైడింగ్ తలుపు మూసి, కర్టెన్ లాగి ఉంది. కింద పార్కింగులో పిల్లలెవరో క్రికెట్ ఆడుతుంటే చూద్దామని వీడు కర్టెన్ వెనక్కి దూరి, తలుపు ఫ్రేమును రెండు చేతులా పట్టుకున్నాడు. మరుక్షణం ‘చుర్రుమంది తాతయ్యా’ అంటూ చేతులు విదిలించుకుంటూ వచ్చాడు. బొబ్బలేమీ రాలేదు. కుళాయి కింద పెడదామంటే మేడ మీద ట్యాంకు నీళ్లు అంతకంటే వేడిగా ఉన్నాయి, మా ఆవిడ ఫ్రిజ్‌లో సీసా తెచ్చి చేతుల మీద పోసింది.

‘ఎండలో ఉన్న ఇనుము ముట్టుకోవద్దని చెప్పానా లేదా’ అన్నాను, అలవాటు కొద్దీ. వాడు నా మొహంలోకి చూసి, ‘అది ఇంట్లోనే ఉంది కదా తాతయ్యా’ అన్నాడు.

నిజమే. ఎండ బయట ఉంది, వాడు ముట్టుకున్నది లోపలి వైపు. లోపల ఏసీ నడుస్తోంది. ఇన్నేళ్ల సర్వీసులో ఉష్ణవహనం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. పరీక్షలో రాదు కదా మరి.

కుక్కర్ పిడి సంగతి చూడండి. గిన్నె అల్యూమినియమే, పిడి మాత్రం నల్లటి బేకలైట్. పెనానికి చెక్క పిడి. పిడి లేని గిన్నె దించాలంటే మసిగుడ్డో పట్టకారో వెతుక్కుంటాం. లోహం ఒక కొస వేడెక్కితే రెండో కొసకు వేడి పాకుతుందనీ, మధ్యలో లోహం కానిది ఏదో ఒకటి అడ్డం పడాలనీ మన వంటింటికి ఎప్పుడో తెలుసు. మీరు మాకు అమ్మే కిటికీలో ఆ అడ్డు లేదు. బయట ఎండలో ఎంత పొడవు ఉందో ఆ లోహమే, ఎక్కడా తెగకుండా, మా హాల్లోకి వచ్చి నిలబడింది.

అంకెల్లో చెబుతాను, మాస్టారి బుద్ధి పోనిచ్చుకోలేక. కిటికీ సెక్షన్లకు వాడే అల్యూమినియం ఉష్ణవాహకత, అంటే వేడిని మోసుకుపోయే గుణం, మిశ్రమాన్ని బట్టి, మీటరుకు డిగ్రీకి 160 నుంచి 200 వాట్లు. మామూలు ఉక్కుది 50. స్టెయిన్‌లెస్ స్టీలుది 16 చిల్లర. గాజుది 1. టేకు, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ రెండూ 0.2 లోపే. మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో టేకు ద్వారబంధాన్ని మిట్టమధ్యాహ్నం ఆనుకుని కూర్చుని తాటిముంజెలు తిన్న రోజులు నాకు గుర్తున్నాయి. అప్పుడేమీ ఎండలు తక్కువ కావు, బెజవాడ బెజవాడే. దాని మీద చూరు నీడ ఉండేది, చెక్కకు వేడిని మోసుకొచ్చే గుణం లేదు. అంతే తేడా.

అలాగని మళ్లీ టేకు పెట్టమని అడగడానికి రాయలేదు. టేకు ధర నాకూ తెలుసు. అల్యూమినియం ఎందుకు పెడుతున్నారో కూడా అర్థం చేసుకోగలను. సన్నటి సెక్షనుతో ఎనిమిదడుగుల తలుపు నిలబడుతుంది, తుప్పు పట్టదు, తుపాను గాలికి పై అంతస్తుల్లో వంగకుండా ఉంటుంది. యూపీవీసీ చిన్న కిటికీలకు చక్కగా సరిపోతుంది. పెద్ద తలుపులకు లోపల ఇనుప రాడ్డు దూర్చాలి, నల్ల రంగుదైతే మన ఎండకు వంకర పోవచ్చు కూడా. కాబట్టి నా తగాదా అల్యూమినియంతో కాదు. మధ్యలో తెగకుండా వచ్చిన అల్యూమినియంతో.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే మీలో లెక్క తెలిసినవారు నన్ను పట్టుకుంటారు. ఇంట్లోకి వచ్చే వేడిలో సింహభాగం ఫ్రేముది కాదు. మా బాల్కనీ తలుపు 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంటే 5.2 చదరపు మీటర్లు. అందులో ఫ్రేము 0.8, గాజు 4.4. పడమటి ఎండ నేరుగా పడుతున్నప్పుడు చదరపు మీటరుకు 500 వాట్లు అనుకుంటే, మామూలు సింగిల్ గాజు గుండా ఎండ రూపంలోనే 1,700 వాట్లకు పైగా లోపలికి వస్తాయి. బయట 40, లోపల 25 అయితే గాజు గుండా వహనంలో వచ్చేది మరో 375 వాట్లు. ఫ్రేము గుండా వచ్చేది 84. అందుకే నీడ లేని కిటికీకి ఎంత గొప్ప ఫ్రేము బిగించినా మూత లేని కూజాలో ఐసు వేసినట్టే.

మరి ఫ్రేము గురించి ఇంత ఉత్తరం దేనికి? ఎందుకంటే మీరు ఈమధ్య డబుల్ గాజు అమ్మడం మొదలుపెట్టారు.

మా బ్లాకులోనే పైన ఏడో అంతస్తులో ఒక కుర్ర దంపతులు ఎక్స్‌ట్రా కట్టి డబుల్ గాజు తలుపు పెట్టించుకున్నారు. రెండు గాజుల మధ్య గాలి. బందరు రోడ్డు హారన్లు తగ్గాయని ఆ అమ్మాయి సంతోషంగానే చెప్పింది. కానీ ఫ్రేము మాదిలాంటిదే, మొదలు నుంచి చివర దాకా ఒకే లోహం. ఇప్పుడు లెక్క వేయండి. ఒక చదరపు మీటరు మేర, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు దాటుతాయో చెప్పే అంకెను యూ వాల్యూ అంటారు. సింగిల్ గాజుకు ఇది 5.7, మామూలు డబుల్ గాజుకు 2.8 దాకా దిగుతుంది. అడ్డు లేని అల్యూమినియం ఫ్రేముకు 7 దగ్గర్లో ఉంటుంది. డబుల్ గాజు పెట్టాక గాజు వాటా 185 వాట్లకు పడిపోయింది. ఫ్రేము వాటా కదల్లేదు, అదే 84. అంటే తలుపు వైశాల్యంలో 15 శాతం ఉన్న ఫ్రేము, వహనంలో వచ్చే వేడిలో దాదాపు మూడో వంతు మోసుకొస్తోంది. ఇది ఫ్రేము మీద ఎండ పడకుండా వేసిన లెక్క. ఇప్పుడందరికీ ఫ్యాషన్ కదా, ఆ మాట్ బ్లాక్ రంగు మీద ఎండ పడితే నా లెక్కలో ఇంకో 100 వాట్లు అదనం. ఆ దంపతులు గాజుకు డబ్బు కట్టారు, ఫలితంలో కొంత ఫ్రేము తినేసింది. బ్రోషర్‌లో ఈ సంగతి ఉండదు.

ఈ విషయం తేల్చుకుందామని ఆటోనగర్‌లో కిటికీ సెక్షన్ల పని చేసే ఒక షెడ్డుకు వెళ్లాను. అక్కడి మేస్త్రీ నాకంటే ఎంతో బాగా పాఠం చెప్పాడు. మూలన ఉన్న కటింగు ముక్కల్లోంచి జానెడు ముక్క ఒకటి తీసి, కోసిన కొసను నా వైపు తిప్పాడు. చూడ్డానికి రెండు వేర్వేరు అల్యూమినియం గొట్టాలు, ఒకటి బయటకు, ఒకటి లోపలకు. రెంటినీ కలుపుతూ పైనొకటి, కిందొకటి నల్లటి పట్టీలు. పట్టీల చివర్లు అల్యూమినియం గాడిలో దూరి, ఆ గాడి పళ్లతో కరిచి పట్టుకుని ఉన్నాయి. ‘ఇదే సార్ థర్మల్ బ్రేక్. లోహానికి లోహం ఎక్కడా తగలదు’ అన్నాడు. ‘మరి అందరికీ ఇదే ఎందుకు పెట్టరు’ అంటే నవ్వి, ‘ఎవరూ అడగరు సార్. అడిగితే తెప్పిస్తాం’ అన్నాడు.

ఆ నల్లపట్టీ పాలిమైడ్. గాజు నార పావు వంతు కలిపిన నైలాన్ అనుకోండి. దాని ఉష్ణవాహకత 0.3, అంటే అల్యూమినియంలో 500వ వంతు కంటే తక్కువ. ఈ పట్టీతో ఫ్రేము యూ వాల్యూ 7 నుంచి 3 దగ్గరికి వస్తుంది. పట్టీ ఎంత వెడల్పైతే అంత తగ్గుతుంది. 15 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి, 24ది ఒకటి, 34ది ఒకటి, అన్నీ బజారులో ‘థర్మల్ బ్రేకే’. అందుకే పేరు చెబితే సరిపోదు, వెడల్పు కూడా చెప్పాలి.

పట్టీల్లోనూ దొంగసరుకు ఉంది. పాలిమైడ్ బదులు పీవీసీ పట్టీ పెడితే పైకి తేడా తెలియదు, అదీ నలుపే. తేడా ఎండాకాలంలో తెలుస్తుంది. మూడు మీటర్ల అల్యూమినియం ట్రాకు 40 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా సాగుతుంది. గాజు నార కలిపిన పాలిమైడ్ కూడా ఇంచుమించు దాని వెంటే సాగుతుంది. అదే పీవీసీ అయితే ఎనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది. మొగుడు తూర్పుకు, పెళ్లాం పడమరకు. నాలుగు వేసవులు గడిచేసరికి పట్టు వదులై, కీళ్ల దగ్గర సందులు పడి, తొలకరి వానకు నీళ్లు కారతాయి. ఫ్రేముకు రంగు పొడిని కరిగించి పట్టించే పౌడర్ కోటింగ్ కొలిమి వేడి 180 నుంచి 200 డిగ్రీలు ఉంటుంది. పాలిమైడ్ దాన్ని తట్టుకుంటుంది, పీవీసీ మెత్తబడిపోతుంది. కాబట్టి పట్టీ బిగించాక కోటింగ్ చేశారా, కోటింగ్ అయ్యాక పట్టీ దూర్చారా అని మీ సప్లయర్‌ను ఒక్కసారి అడగండి. సమాధానం నసిగితే మీకే అర్థమవుతుంది.

ఇంకో చిక్కు కూడా చెప్పాడు మేస్త్రీ. ఎత్తయిన నల్ల తలుపుకు థర్మల్ బ్రేక్ పెడితే, బయటి సగం ఎండకు సాగి, లోపలి సగం ఏసీకి సాగక, తలుపు విల్లులా వంగి మధ్యాహ్నం పూట లాక్ పడదట. ఫిజిక్సులో రెండు లోహాలు అతికించిన బైమెటల్ పట్టీ వేడికి వంగే ప్రయోగం లాంటిదే ఇది. దానికి మందు లేత రంగు, లేదా తలుపు షట్టర్లకు కాస్త జారే రకం పట్టీ. అంటే ఎలివేషన్‌కు, అదే భవనం ముఖానికి, నలుపే కావాలని పట్టుబట్టే ముందు ఆర్కిటెక్టుగారు పడమటి గోడ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తూర్పు వైపు, ఉత్తరం వైపు మీ ఇష్టం.

ఇక గ్రానైట్. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే మాట్లాడతాను. మన దగ్గర కిటికీ చుట్టూ నాలుగు వైపులా గ్రానైట్ పలకలు బిగించడం రివాజు. అందంగా ఉంటుంది, గోడ అంచు రాలదు, వాన నీళ్లు దిగవు. కానీ ఆ పలక గోడ బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా ఒకటే. గ్రానైట్ ఉష్ణవాహకత ఇటుకకు మూడు నాలుగు రెట్లు. ఎంత ఖరీదైన థర్మల్ బ్రేక్ ఫ్రేము తెచ్చినా, దాన్ని ఒకే పలక మీద కూర్చోబెడితే వేడి ఫ్రేము కిందనుంచి దూరి వస్తుంది. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు. పలకను ఫ్రేము కిందికి వచ్చేచోట రెండు ముక్కలు చేసి, మధ్య సందులో సిలికాన్ నింపితే చాలు. మీ గ్రానైట్ కుర్రాడికి ఒక కోత ఎక్కువ. ఫ్రేముకూ గోడకూ మధ్య మిగిలే సందును కూడా సిమెంటుతో కూరేయకుండా ఫోమ్ కొట్టించి, పైన సీలెంట్ వేయించండి.

వేసవి పోయాక గోల తీరుతుందనుకునేరు. జులై, ఆగస్టు నెలల్లో మా బెడ్‌రూము కిటికీని తెల్లవారుజామున చూడాలి. రాత్రంతా ఏసీ నడిచి గది చల్లబడి ఉంటుంది, బయట గాలి నిండా తేమ. ఆ చలి లోహం గుండా బయటికి పాకి, ఫ్రేము బయటి వైపు కూజాకు పట్టినట్టు చెమట పడుతుంది. బొట్లు బొట్లుగా కారి కిందనున్న గోడ మీద నాచు గీత కట్టింది. అసోసియేషన్ మీటింగులో దాన్ని నాలుగో అంతస్తువారు మా లీకేజీ అన్నారు. ప్లంబర్‌ను రెండుసార్లు పిలిచాం. పైపుల్లో ఏముంది, పాపం, అతనికి రెండుసార్లు కాఫీ ఇచ్చి పంపించాం.

అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కోలో ఉంటున్న మా అమ్మాయితో ఇదంతా చెబితే, వాళ్లు కొత్త ఇల్లు తీసుకున్నప్పుడు కిటికీ గాజు మీద అంటించి ఉన్న కాగితం ఫొటో పంపింది. ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ అనే సంస్థ లేబుల్ అది. అందులో యూ ఫ్యాక్టర్, అంటే మన యూ వాల్యూయే, ఒక అంకె, ఎండ వేడి ఎంత లోపలికి వస్తుందో ఇంకో అంకె. ఆ యూ అంకె గాజుకు మాత్రమే కాదు, ఫ్రేముతో కలిపి మొత్తం కిటికీకి. టెక్సాస్ ఎండలు మన ఎండలకు దగ్గర చుట్టాలే. మనం ఇక్కడ ఏసీ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెడతాం, ఫ్రిజ్‌కు లెక్కపెడతాం, ఫ్యానుకు కూడా. ఏసీ ఏ వేడితో పోరాడుతోందో ఆ వేడిని లోపలికి పంపే కిటికీకి మాత్రం ‘ప్రీమియం పౌడర్ కోటెడ్ అల్యూమినియం విత్ మస్కిటో మెష్’. దోమ రాదు సరే.

మన దేశంలో అసలు లెక్కే లేదని కాదు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. నివాస భవనాల గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని అందులో ఉంది, చలి ప్రాంతాలకు వేరే లెక్క. ఆ సంహిత ప్రకారం మీ ప్రాజెక్టుకు వచ్చిన అంకె ఎంతో బ్రోషర్‌లో వేయండి. స్విమ్మింగ్ పూల్ బొమ్మ పక్కన రెండు అంగుళాల చోటు చాలు.

2016 రెరా చట్టం వచ్చాక స్పెసిఫికేషన్లు కాగితం మీద పెట్టే అలవాటు మీకూ వచ్చింది. నేను అడిగేది ఆ కాగితంలో కిటికీల వరుస దగ్గర ఇంకొంచెం సిరా. ఫ్రేములో థర్మల్ బ్రేక్ ఉందా లేదా, ఉంటే పట్టీ దేనితో చేసింది, ఎన్ని మిల్లీమీటర్లు, గాజూ ఫ్రేమూ కలిపి కిటికీ మొత్తానికి యూ వాల్యూ ఎంత. లేదంటే లేదని రాయండి, తెలిసి కొనుక్కుంటాం. డబుల్ గాజు అని అదనంగా వసూలు చేసేటప్పుడు మాత్రం దాన్ని అడ్డు లేని ఫ్రేములో పెట్టకండి. అది న్యాయం కాదు.

ఖర్చు పెరుగుతుందని మీరంటారు. పెరుగుతుంది. ఫ్లాటులో ప్రతి కిటికీకీ అడగడం లేదు. పడమటి గోడతో మొదలుపెట్టండి, ఏసీ ఉండే గదులతో మొదలుపెట్టండి. బాత్రూము వెంటిలేటర్‌కు థర్మల్ బ్రేక్ ఎవరడిగారు? పడమర ఫేసింగ్ ఫ్లాట్లను వాస్తు పేరు చెప్పి ఎలాగూ కాస్త తగ్గించి అమ్ముతారు కదా, ఆ తగ్గింపుకు బదులు ఫ్రేము ఇవ్వండి. నాబోటివాడికి అదే వాస్తు.

పెద్దగా డబ్బు ఖర్చు కానిది సన్‌షేడ్. ఎలివేషన్ నున్నగా కనబడాలని ఈమధ్య సన్‌షేడ్లు ఎత్తేస్తున్నారు, లేదా తొమ్మిది అంగుళాల పట్టీతో సరిపెడుతున్నారు. దక్షిణం వైపు రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఎండ చాలావరకు ఆగుతుంది. పడమటి ఎండ కిందికి దిగి వస్తుంది కాబట్టి దానికి పైనీడ చాలదు, నిలువు రెక్కలో, జాలీయో, బయటివైపు తడికెలో కావాలి. ఫ్రేమును గోడ బయటి అంచుకు కాకుండా నాలుగంగుళాలు లోపలికి జరిపి కూర్చోబెడితే ఆ లోతే కొంత నీడ ఇస్తుంది. ఇది ప్లాను మీద ఒక గీత జరపడమే.

మా తలుపు మార్పించే స్తోమత ఇప్పుడు నాకు లేదు. ఉన్నదాంతో సర్దుకున్నాం. బాల్కనీ బయటి అంచుకు వెదురు చిక్ తెరలు కట్టాను. నల్ల ఫ్రేముకు బయటివైపు తెల్ల రంగు వేయించాను, పెయింటర్ జాలిగా చూశాడు. స్లైడింగ్ షట్టర్ల అంచున ఉండే ఉన్ని బ్రష్ అరిగిపోయి రోజూ గచ్చు మీద సన్నటి దుమ్ము గీత పడేది. దుమ్ము వచ్చే దారిలో వేడి గాలి రాదా? దాన్ని మార్పిస్తే ఆ గీత పోయింది. ఫ్రేము ఇప్పుడు చురుక్కుమనడం లేదు, గోరువెచ్చగా ఉంటోంది. ఇవన్నీ కలిపి అయిన ఖర్చు మీ క్లబ్‌హౌసులో ఒక దీపం ఖరీదు కూడా ఉండదు.

మీలో ఎవరికైనా నా మాట మీద అనుమానం ఉంటే రోహిణి కార్తెలో ఒకరోజు సాయంత్రం నాలుగున్నరకు మా బ్లాకుకు రండి. మా తలుపుకు రంగు వేసేశాం కాబట్టి పక్క ఫ్లాటు తలుపు చూపిస్తాను, వాళ్లను అడిగే రాస్తున్నాను. ఏసీ వేసి ఉంచుతారు. ముందు మజ్జిగ తాగండి, తర్వాత లోపలివైపు నుంచే ఫ్రేము మీద అరచెయ్యి ఆనించండి. మా మనవడు కూడా ఉంటాడు, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచగలిగారో వాడు చెబుతాడు.

ఇట్లు,
అయిదో అంతస్తు, పడమర ఫేసింగ్,
కానూరు